ఇంజిను దొర, గడ్డిమనిషి

మా మనవడికి ఫుట్‌బాల్ పిచ్చి. ప్రపంచకప్పు ఫైనలు నాడు సుంగై పెటానిలోని మా ఇంటికి వాడి స్నేహితులంతా దిగబడి, నా సోఫాని నాకు కాకుండా చేశారు. నేను ఓ మూల పీట వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటున్నాను. ఎరుపు, తెలుపు గళ్ళ చొక్కాల జట్టు ఒకటి ఆడుతోంది. క్రొయేషియా అన్నారు. ఎవరైతే నాకేం? మధ్యలో ఆట ఆగినప్పుడు ఆ దేశం బొమ్మలు చూపించారు. సముద్రం ఒడ్డున రాతి గోడ, గోడలో ఒక గుమ్మం, గుమ్మం మీద చెక్కిన సింహం.

"ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్తే ఎడమ చేతివైపు రాతి అరుగు ఉంటుంది. దాని మీద పనీపాటా లేని ముసలాళ్ళు ఉంటారు," అన్నాను.

కెమెరా లోపలికి వెళ్ళింది. ఎడమ చేతివైపు అరుగు. దాని మీద ముసలాళ్ళు.

గదిలో అందరూ టీవీ వదిలేసి నా వైపు తిరిగారు. "నానమ్మా, నువ్వు అక్కడికి ఎప్పుడు పోయినావు లా?" అన్నాడు మనవడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడమంటే నోరు పెగలదు. ఆ రోజు పెగిలింది, మాట చివర ఈ మలాయ్ దేశంలో అందరూ తగిలించే 'లా'తో సహా.

నేను పోర్ట్ క్లాంగ్ రేవు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళకుండానే ఆ ఊరి వీధులు, ఆ ఊరి గాలి, ఆ ఊరి తగాదాలు అన్నీ నాకు తెలుసు. అయితే టీవీలో చూపించింది ఆ ఊరేనో పక్క ఊరో మాత్రం చెప్పలేను. ఆ తీరంలో ఊళ్ళన్నీ ఒకేలా ఉంటాయని ఆయనే చెప్పాడు. పక్క ఊరికి అలా ఉండే అర్హత లేదని కూడా ఆయనే చెప్పాడు.

ఆయన అంటే ఇంజిను దొర. అసలు పేరు రాయను. ఆయన పోయి చాలా కాలమైంది, ఇప్పుడు పేరుతో పనేముంది? పేరాక్ నది సముద్రంలో కలిసే చోట, హుటాన్ మెలింటాంగ్ దగ్గర, మాది కొబ్బరి ఎస్టేటు. మా నాన్నగారు అక్కడ ఆఫీసు గుమాస్తా. నేను ఎస్టేటు బడిలో టీచరుని, అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు. ఇంజిను దొర నూనె మిల్లులో ఇంజిన్లు, నది మీద తిరిగే మోటారు పడవ చూసుకునేవాడు. యుద్ధానికి ముందెప్పుడో ఓడలో పనిచేస్తూ వచ్చి, జ్వరం తగిలి రేవులో దిగిపోయాడట. ఓడ నన్ను వదిలేసి వెళ్ళిపోయిందని ఆయన అనేవాడు. ఓడ బయల్దేరేవేళకి ఆయన కల్లు దుకాణంలో ఉన్నాడని మిల్లువాళ్ళు అనేవారు.

భారీ మనిషి. కొబ్బరిపీచు రంగు మీసం. ఏ వేళ చూసినా ఖాకీ నిక్కరు, మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా, అంచులు చిరిగిన తాటాకు టోపీ. తెల్లవాడే గానీ తెల్లదొరలు ఆయన్ని తమలో కలుపుకోలేదు. క్లబ్బులోకి రానిచ్చేవారు కాదు. ఆయనకీ ఆ బాధ లేదు. మిల్లులో పనివాళ్ళందరూ శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబాలవాళ్ళు. వాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకున్నాడు. నిండు తెల్లమనిషి నోరు తెరిచి, "ఏటి టీచరమ్మా, నీరసంగా ఉన్నావు, అన్నం తిన్నేదేటి లా?" అంటే, కొత్తగా వచ్చినవాళ్ళు అటూ ఇటూ చూసేవారు, ఆ మాట ఎవరన్నారా అని.

ఆయన మాటలన్నీ "మా ఊల్లో" అనే మొదలయ్యేవి. వాన పడితే మా ఊల్లో, జ్వరం వస్తే మా ఊల్లో, పిల్లి ఈనితే మా ఊల్లో. ఓసారి పెనుగాలి వచ్చి బడి పైకప్పు రేకు లేచిపోయింది. నేను లబోదిబోమంటుంటే వచ్చి చూశాడు. "ఇదీ ఒక గాలేనా లా? మా ఊల్లో సలికాలం కొండ మీంచి గాలి దిగుద్ది. పెంకులు ఎగిరిపోకండా ఇంటి మీద రాల్లు పెడతాం. ఓపాలి గాడిద ఎగిరిపోయి సముద్రంలో పడ్డాది," అన్నాడు. గాడిద ఏమైందని అడిగాను. "ఈదుకుని పక్కూరు ఎలిపోయినాది. ఆలు తిరిగి ఇవ్వనేదు. అలాటోల్లు ఆలు," అన్నాడు.

ఆ పక్క ఊరు ఆయన పాలిట శత్రుదేశం. చిన్న ఇరుకు సముద్రానికి అవతలి ఒడ్డున ఉంటుందట. పూర్వం ఎప్పుడో వీళ్ళ ఊరి మహాత్ముడి వేలి ఎముక ఒకటి గుళ్ళోంచి వాళ్ళు ఎత్తుకుపోయారు. ఓ నెల అలా చెప్పేవాడు. ఇంకో నెల, వీళ్ళే వాళ్ళ దగ్గర ఎత్తుకొచ్చారని గర్వంగా చెప్పేవాడు. అప్పట్నుంచీ ఆ ఊరివాళ్ళకి పిల్లనివ్వరు, వాళ్ళ పిల్లని చేసుకోరు. తనకి మాత్రం ఆ ఊళ్ళో ఒక పిల్ల నచ్చిందట.

"మరి చేసుకోలేదేం?" అన్నాను.

"ఆల ఊరి గుమ్మం పొట్టిది టీచరమ్మా. లోనికి ఎల్లాలంటే తల వంచాల. మా ఊరోడు అక్కడ తల వంచుతాడేటి?" అన్నాడు. ఆ తల వంచకే ఒంటిగా మిగిలిపోయాడు పాపం.

మా వాళ్ళ రామభజనలోనూ వేలు పెట్టాడు. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు మృదంగం, తాళం ఏమీ లేకుండా, భుజం భుజం ఆనించి నిలబడి, ఒకడు పైగొంతు, ఒకడు కిందిగొంతు పట్టి పాడతారట. మా భజన కూడా అలాగే ఉండాలని పట్టుబట్టాడు. "తాలాలు తీసీండి లా, గొంతుకలు సాలు," అంటూ పెద్దవాళ్ళ చేతుల్లోంచి తాళాలు లాగేశాడు. వాళ్ళు మొదట బూతులు తిట్టారు. ఓ శనివారం సరదాకి ప్రయత్నించారు. ఆ తరవాత శనివారాలు తాళాలు పెట్టెలోంచి తీయడం మానేశారు. మా నాన్నగారికి సంగీతజ్ఞానం ఉంది కాబట్టి ఆయన ఒక్కరే చెవుల్లో దూది పెట్టుకునేవారు.

అదంతా తెల్లదొరలు ఇక్కడ పెట్టిన ఎమర్జెన్సీ కాలం. అడవిలో కమ్యూనిస్టులుండేవారు. వాళ్ళకి ఎస్టేటు కూలీలే తిండి చేరవేస్తున్నారని ప్రభుత్వానికి అనుమానం. అందుకని నది పొడుగునా విడివిడిగా ఉన్న కూలీల ఇళ్ళన్నీ పీకించి, ఒక్కచోటికి చేర్చి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. ఉన్నది ఒకటే గేటు. సాయంత్రం సైరను మోగితే అది మూసేస్తారు. పొద్దున్న పనికి వెళ్ళేటప్పుడు అక్కడే అందర్నీ తడిమి చూస్తారు. వండిన అన్నమైనా సరే, ఒక్క ముద్ద బయటికి పోయిందంటే జైలే.

కంచె వేసిన రోజు ఆడవాళ్ళు గొల్లుమని ఏడ్చారు. మా నాన్నగారు భోజనం ముట్టలేదు. ఇంజిను దొర మాత్రం పెళ్ళిపందిరి చూడ్డానికి వచ్చినవాడిలా కంచె చుట్టూ ఓసారి తిరిగి వచ్చి, "ఇన్నాల్లూ ఇది ఎస్టేటు. ఇయ్యాల ఊరయినాది," అన్నాడు.

"ఇది జైలు దొరా," అన్నాడు సూరన్న. మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసే సూరన్నకి ఆయనతో చనువెక్కువ.

"గోడ నేకపోతే ఊరేటి లా? మా ఊల్లో గోడ కట్టినప్పుడు దొంగలు లోనికి రాకండా అని సెప్పినారు. నిజం ఏటంటే, పన్ను కట్టకండా మావు బయటికి పోకండా. అయితే ఏటయినాది? మావు దర్జాగా బతికినాం."

మర్నాటినుంచీ మాకు దర్జా నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఊళ్ళో సాయంత్రమైతే అందరూ మంచి బట్టలు కట్టుకుని గుమ్మం దగ్గర్నుంచి గుడి దాకా నడుస్తారట. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. ఎందుకూ అంటే, ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడానికి. మా వాళ్ళు మొదట నవ్వారు. కంచెలో పడి ఉన్నవాళ్ళకి సాయంత్రాలు వేరే ఏం పని? ఓ వారానికల్లా ఆడవాళ్ళు పెట్టెల్లో చీరలు తీశారు. మగవాళ్ళు తలకి నూనె రాశారు. గేటు నుంచి రామమందిరం దాకా, మందిరం నుంచి గేటు దాకా, ఇంటిల్లిపాదీ నడక. ఎదురైన ప్రతిసారీ కొత్తగా చూసినట్టు పలకరించుకోవాలి, అది ఆయన నియమం. కూలీలంతా శుభ్రమైన బట్టలతో బారులు తీరి నడుస్తున్నారని తెలిసి మేనేజరు దొర సమ్మె అనుకుని హడలిపోయాడు. పోలీసు జీపు వచ్చింది. మా వాళ్ళు జీపులో ఉన్నవాళ్ళని కూడా ఎదురైనప్పుడల్లా పలకరించారు. కాసేపు చూసి వాళ్ళే వెళ్ళిపోయారు.

అయితే ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనించి కట్టడంతో తగాదాలు పెరిగాయి. ఒకరి కోడి మరొకరి ఇంట్లో గుడ్డు పెడుతుంది. ఒకరి కల్లు సీసా మరొకరి మంచం కింద దొరుకుతుంది. జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు ఇంజిను దొర గడ్డిమనిషి సంగతి చెప్పాడు.

వాళ్ళ ఊళ్ళో ఏడాదికోసారి, వాళ్ళ ఉపవాసాలు మొదలవక ముందు, మనిషంత గడ్డిబొమ్మ చేసి నడివీధిలో నిలబెట్టి విచారణ జరుపుతారట. ఆ ఏడు ఊళ్ళో జరిగిన ప్రతి తప్పూ వాడిదే. పడవ మునిగినా, ద్రాక్షలకి పురుగు పట్టినా, ఎవరి పెళ్ళాం ఎవరివైపు చూసినా, అన్నీ వాడు చేసినవే. ఒక జడ్జీ ఉంటాడు. నేరాలు అరిచి చెప్పేవాళ్ళుంటారు. వాడి పెళ్ళాంగా ఒకరు రాగాలు తీసి ఏడుస్తారు. చివరికి వాణ్ణి కాల్చేస్తారు. మర్నాడు ఎవరి మనసులోనూ ఏమీ ఉండకూడదు.

"ఒకటే రూలు," అన్నాడు ఇంజిను దొర. "మనిసి పేరు ఎవులూ సెప్పకూడదు. తప్పు సేసినోడే గట్టిగా అరవాల."

ఆ రూలు మా వాళ్ళకి తెగ నచ్చింది. ఏటా ఆ రోజుకోసం ఎదురు చూసేవారు. కొబ్బరి పీచు, లాలాంగ్ గడ్డి కూరి, పాత గోనెసంచి తొడిగి బొమ్మని చేసేవారు. సూరన్న ఎప్పుడూ జడ్జీ. గడ్డిమనిషి పెళ్ళాం వేషం అప్పలమ్మది. ఆవిడ తోటలో కాయలు ఏరే మనిషి, గొంతు విప్పితే నది అవతలికి వినిపిస్తుంది. "ఓలమ్మో, నా మొగుడు ఎర్రి పీసుమనిసి, ఆడికేటీ తెలీదు బాబో," అని ఆవిడ గుండెలు బాదుకుంటుంటే పిల్లలు నవ్వలేక దొర్లేవారు. ఎవరు గట్టిగా అరుస్తున్నారో అందరూ చూసేవారు. ఓహో, మా కోడిని తిన్నది వీడా అని అర్థమైపోయేది. పైకి ఎవరూ అనేవారు కాదు. మర్నాడు కోడి పోయినవాళ్ళ ఇంటికి ఓ గుడ్ల బుట్ట వచ్చేది.

ఇంతలో మెర్డెకా, అంటే ఈ దేశానికి స్వతంత్రం, వచ్చింది. ఎస్టేటు ఆఫీసు ముందు రేడియో పెట్టి అందరం విన్నాం. కొత్త ప్రభుత్వం చిహ్నంలో రెండు పులులున్నాయని మా నాన్నగారు చెబితే ఇంజిను దొర చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. వాళ్ళ ఊరి గుమ్మం మీద మొదట సింహం ఉండేదట. ఆ రాజ్యం పోయి ఇంకో రాజ్యం వచ్చినప్పుడు దాని పక్కన రెండు తలల గద్దని పెట్టారు. తరవాత ఇంకో రాజ్యం, ఇంకో గద్ద. ఇప్పుడు ఎర్ర చుక్క. "గుమ్మం అదే టీచరమ్మా. పైన జంతువు మారిపోద్ది. నీకు ఏ జంతువు కావాల అని మమ్మల్ని ఎవులూ అడగనేదు. ఇక్కడ అడుగుతున్నారు. నాను సెయ్యెత్తి పులి కావాలంటాను," అన్నాడు.

నిజంగానే పౌరసత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. మలాయ్ బాగానే వచ్చు. మంచి నడవడి ఉండాలి, ప్రమాణం చేయాలి. ప్రమాణానికి పిలుపు కూడా వచ్చింది, వచ్చే సోమవారం రమ్మని. ఆ వారమంతా ఆయన కాళ్ళు నేల మీద లేవు. పనిలో ఉండి కూడా ప్రమాణం మాటలు వల్లించుకునేవాడు. ఆ ఎర్ర చుక్క ఒక్కటే ఆయనకి భయం. ఆయన దేశంలో ఇప్పుడున్నది కమ్యూనిస్టుల ప్రభుత్వం. ఏ చిన్న మచ్చ పడినా పౌరసత్వం సంగతి దేవుడెరుగు, ఓడెక్కించి పంపేస్తారు.

ఆ వారంలోనే గడ్డిమనిషి రోజు పడింది. దొర మనవాడవుతున్నాడు, ఈసారి గొప్పగా చేద్దాం అనుకున్నారు ఆడవాళ్ళు. గౌరవానికి గోనెసంచి ఏం బాగుంటుందని, చాకలి దగ్గర ఆయన పాత నిక్కరు, తెల్ల చొక్కా అడిగి తెచ్చి ఉతికి, గంజి పెట్టి, పసుపు బొట్లు పెట్టి గడ్డిమనిషికి తొడిగారు. కొబ్బరిపీచు మీసం అతికించారు. తాటాకు టోపీ పెట్టారు. మెడలో దండ కూడా వేశారు. మా వాళ్ళ దృష్టిలో అది సన్మానం. ఆయన వచ్చి చూసి, చుట్టూ తిరిగి, "నాకంటే ఆడే అందంగా ఉన్నాడు లా," అని పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎవరికీ ఏమీ తట్టలేదు.

విచారణ మొదలైంది. గేటు దగ్గర కాపలాకి కొత్తగా ఒక స్పెషల్ కానిస్టేబులు వచ్చాడు, తమిళం, కాస్త తెలుగు అర్థమయ్యే మనిషి. అతనూ వచ్చి గుంపులో నిలబడ్డాడు. సూరన్న తలకి తెల్ల తువ్వాలు చుట్టుకుని జడ్జీగా బల్లెక్కాడు. "కంచె తీగ కోసినోడు ఎవుడ్రా?" అని వాడే పెద్దగా అరిచాడు. "ఈడే! ఈడే!" అన్నారు జనం. "గేటు దాటించి అన్నం బయటికి పట్టుకెల్లినోడు ఎవుడు?" పెళ్ళాంగా ఏడవాల్సిన అప్పలమ్మ ఏడుపు ఆపి, "నా మొగుడే బాబో! ఈ సచ్చినోడే!" అని అందరికంటే గట్టిగా అరిచింది. "రేతిరి గేటు తీసి ఒగ్గీసినోడు ఎవుడు?" అని వెనకనించి ఎవరో కేక పెట్టారు. తిరిగి చూస్తే ఆ కేక పెట్టింది కొత్త కానిస్టేబులే. ఆటలో భలే కలిసిపోయాడనుకున్నాను. అన్ని నేరాలూ రుజువయ్యాయి. సైరను మోగే లోపలే గడ్డిమనిషిని కాల్చేసి అందరం హాయిగా ఇళ్ళకి పోయాం.

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి ఇంజిను దొరని పట్టుకుపోయింది.

కానిస్టేబులు వెళ్ళి తాను కళ్ళతో చూసింది చెప్పాడు. ఎస్టేటు జనమంతా చేరి, ఎర్ర దేశంవాడి బొమ్మని నిలబెట్టి, అడవిలోవాళ్ళకి అన్నం పంపింది, కంచె కోసింది, గేటు తీసింది వీడేనని సాక్ష్యం చెప్పి, కాల్చేశారు. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు, అదే మా కొంప ముంచింది. మా నాన్నగారు మేనేజరు దొర దగ్గరికి పరుగెత్తారు. "వాడు మా దేశంవాడు కాదు, నేనేం చేయను," అని ఆయన కాగితాల్లో తల దూర్చేశాడు.

ఆ సాయంత్రం ఎవరూ మంచి బట్టలు కట్టలేదు. అందరూ రామమందిరం ముందు కూలబడ్డారు. గడ్డిమనిషి అంటే ఏమిటో వెళ్ళి చెబుదాం, అది ఆటేనని చెబుదాం అన్నాను నేను.

"ఆటే అని నమ్ముతారేటి టీచరమ్మా?" అన్నాడు సూరన్న. "తీగ నిజంగానే తెగి ఉంది కదా. మరి ఆడు కాకపోతే ఎవుడు కోసినాడు అని అడుగుతారు."

తీగ ఎవరు కోశారో అందరికీ తెలుసు. ఎవరు గట్టిగా అరిచారో అందరం చూశాం. సూరన్న నేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పలమ్మ లేచి కొంగు దులుపుకుంది. "గడ్డోడి మీద ఏసినాం. అది తీసికెల్లి ఆయన మీద పడ్డాది. మనం ఏసింది మనమే ఎల్లి తీసుకోవాల. నాను ఎల్తాను."

"నిన్ను జైల్లో ఏస్తారప్పా!" అన్నాడు సూరన్న.

"ఏస్తే ఏస్తారు. ఆయన్ని ఓడెక్కించీసినాక నానింక ఎవుడికి పెల్లాంగా ఏడుత్తాను?" అంది. నవ్వు రావలసిన మాటే, ఎవరూ నవ్వలేదు.

మర్నాడు కాయలు మోసే లారీలో అందరం టౌనుకి వెళ్ళాం. పోలీసు ఇన్‌స్పెక్టరు కుర్ర మలాయ్ మనిషి, రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా వాళ్ళ మాటలు మలాయ్‌లోకి మార్చి చెప్పే పని నా మీద పడింది. ఇంజిను దొరని కూడా తెచ్చి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. మమ్మల్ని చూసి ఆయన నవ్వలేదు సరికదా, మొహం గంటు పెట్టుకున్నాడు.

ముందు అప్పలమ్మ. అన్నం పట్టుకెళ్ళింది తానేనంది. ఎలా అని అడిగాడు ఇన్‌స్పెక్టరు. అరిటాకులో ముద్ద చుట్టి కొప్పులో పెట్టుకుని పట్టుకెళ్ళానంది. ఎవరికోసం అని అడిగాడు.

"ఎవులికోసమేటి బాబూ? నా కడుపుకోసం. పొద్దున్నెలిపోయి సాయంత్రం దాకా ఒంగి కాయలేరితే ఆకలెయ్యదేటి? తోటలో కొబ్బరి తప్ప ఏటుంది? కొబ్బరి తినీ తినీ నా నోరు పాడయిపోనాది. కావాలంటే సూసుకో," అని నోరు తెరిచింది.

ఇన్‌స్పెక్టరు నిజంగానే కాస్త ముందుకి వంగి, వెంటనే సర్దుకుని కూర్చున్నాడు.

తరవాత సూరన్న. తీగ కోసింది తానేనన్నాడు. కంచె అవతల కాలవలో పీతలు దొరుకుతాయి, గేటు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళాలంటే దూరం, అందుకని మనిషి పట్టేంత కోశాను అన్నాడు. ఆ పీతల్లో సగం ఇంజిను దొర ఇంటికే పంపానని అనవసరంగా చెప్పబోయాడు. ఆ ముక్క నేను మలాయ్‌లోకి మార్చలేదు.

మిగిలింది గేటు. రాత్రి గేటు తీసి వదిలేసిందెవరు? మా వాళ్ళలో ఆ పని చేసినవాళ్ళు లేరు. ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు, ఆ విచారణలో ఆ మాట ఎవరన్నారని. నేను ఆ కానిస్టేబులు వైపు చూశాను. మా రూలు ఇన్‌స్పెక్టరుకి చెప్పాను, తప్పు చేసినవాడే గట్టిగా అరవాలని. కానిస్టేబులు మొహం పాలిపోయింది. అతనికీ ఆ రూలు అప్పుడే తెలిసింది. ఓ రాత్రి గొళ్ళెం పెట్టడం మరిచి నిద్రపోయానని, ఆ భయంతోనే ఆ నేరం ఎవరో ఒకరి మీదికి పోతే బాగుండునని అనుకున్నానని ఒప్పేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. "ప్రతి నేరానికీ నేరస్తుడు దొరికాడు. ఒక్క కమ్యూనిస్టు కూడా దొరకలేదు," అన్నాడు. అందర్నీ లోపల వేస్తే రేపు కాయలు ఎవరేరుతారని మీ మేనేజరు నా ప్రాణం తీస్తాడన్నాడు. తీగ రేపటికల్లా కట్టేయమని సూరన్నకి చెప్పాడు. ఆకలికి తిన్నావు కాబట్టి ఈసారికి వదిలాను, మళ్ళీ దొరికితే నేనేం చేయలేనని అప్పలమ్మకి చెప్పాడు. ఇంజిను దొర వైపు తిరిగి, సోమవారం ప్రమాణానికి వచ్చేటప్పుడు కాలరున్న చొక్కా వేసుకు రమ్మన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను. అప్పలమ్మ నా వీపు నిమిరింది.

లారీ ఎక్కగానే ఇంజిను దొర మా మీద విరుచుకుపడ్డాడు. దండం పెడతాడేమో, కనీసం నవ్వుతాడేమో అనుకున్నాం. ఎక్కడ! "ఏటి సేసినారు లా మీరు? ఆసారం పాడు సేసినారు! ఒప్పుకోకండా ఉండటానికి కదా గడ్డోడు ఉన్నాడు? మా ఊల్లో మా తాతలనాటి నుంచీ ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఏ తప్పూ ఒప్పుకోనేదు. మీరు ఒక్క పొద్దున్న అందరూ ఎల్లి ఒప్పీసుకున్నారు! అప్పా, నిన్ను జైల్లో ఏసీసుంటే?"

"అరవకు దొరా," అంది అప్పలమ్మ. "మీ ఊరు గొప్పదే లా. కానీ మావు మీ ఊరోల్లం కాదు కదా."

లారీ రోడ్డు గుంటల్లో పడి లేస్తోంది. ఆయన కొబ్బరి బస్తాల మీద చతికిలబడి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా మాట్లాడాడు.

"నాకు ఒక అన్న ఉండీవోడు. నాను సిన్నోడినప్పుడు, సిపాయిల పడవ తాడు ఎవుడో కోసీసినాడు. పడవ కొట్టుకుపోయినాది. సిపాయిలు మా అన్నని పట్టుకున్నారు. ఆడు కాదు కోసింది. ఎవుడు కోసినాడో మా ఊరందరికీ తెలుసు. ఒక్కడు నోరు తెరవనేదు. ఆ ఏడు గడ్డోడి మీద ఆ తాడు కూడా ఏసినారు. అందరూ నవ్వినారు. గట్టిగా అరిసినోడు ఎవుడో నాను సూసినాను. మా అన్న జైల్లోనే సచ్చిపోయినాడు. నాను ఓడెక్కీసినాను."

అన్నేళ్ళుగా ఆ ఊరి గాలి, ఆ ఊరి గాడిద, ఆ ఊరి ముసలాళ్ళు, అన్నీ మాకు చెప్పాడు. ఈ ఒక్కటీ చెప్పలేదు. సూరన్న ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మీ అన్న పేరేటి దొరా?" అంది అప్పలమ్మ.

ఆయన చెప్పాడు. చెప్పి, మళ్ళీ చెప్పాడు. అప్పలమ్మ పలికింది, తప్పు. సూరన్న పలికాడు, ఇంకా తప్పు. "కాదు లా, నాలిక పైకి పెట్టాల," అని ఆయన కళ్ళు తుడుచుకుంటూనే సరిచేశాడు. నేను పలికాను. లారీ వెనకాల ఉన్నవాళ్ళు పలికారు. డ్రైవరు కూడా కిటికీలోంచి తల బయటికి పెట్టి పలికాడు. ఒక్కరికీ సరిగా రాలేదు గానీ, గేటు వచ్చేదాకా ఎవరూ ఆపలేదు.